ఇరవయ్యో పాట

శనివారం ఉదయానికి బావ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి భార్యను బస్సెక్కించాలి. ఎనిమిదింటికి అటక మీదున్న అట్టపెట్టె దింపాలి. అందులోంచి ఎవరూ వినని పాట ఒకటి వెతికి రికార్డుల మేడమ్‌కి పంపాలి. పదింటికల్లా కళ్లద్దాల షాపు తెరవాలి. ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే అనుకున్నట్టు జరిగింది.

బావ వారంలో ఆరు రోజులు అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. ఏడో రోజు ‘పచ్చి పెయింటు’ అనే రాక్ బ్యాండులో అడుగు స్వరాల బాసు గిటారు వాయించేవాడు. ఇరవై రెండేళ్ల కిందట ఒక స్కూలు హాల్లో వాళ్లు మొట్టమొదటిసారి వాయించినప్పుడు, గోడలకు అప్పుడే రంగులేసి, ఎవరూ ఆనుకోకుండా ‘పచ్చి పెయింటు’ అని అట్టముక్క తగిలించారు. వచ్చినవాళ్లు అదే బ్యాండు పేరనుకున్నారు. అంతవరకు పేరు విషయంలో కొట్టుకుంటున్న నలుగురూ హమ్మయ్య అనుకుని దాన్నే ఖాయం చేసుకున్నారు.

పాడేది బావ భార్య తమ్ముడు. స్కూల్లో భూగోళం చెబుతాడు. అతను ‘బావా’ అని పిలవడం విని మిగతా ఇద్దరూ, వాళ్లను విని వీధిలో సగం మందీ ఆయన్ని బావనే చేసేశారు. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ అక్క అయింది. గిటారు వాయించేవాడు లిఫ్టు మెకానిక్, అందుకని వాడి పేరు లిఫ్టు. డ్రమ్ములు కొట్టేవాడు పశువుల డాక్టరు. ఈ బ్యాండును ఏ పెద్ద కంపెనీ ఏనాడూ పిలవలేదు. పిలిచినా వెళ్లేవాళ్లం కాదని నలుగురూ చెప్పుకునేవారు. ఆ మాట నిజమో కాదో తేలే అవకాశం మాత్రం రాలేదు.

ఇప్పుడు టైర్ల షాపు పైన రెండు గదుల్లో రికార్డుల కంపెనీ నడుపుతున్న మేడమ్ ఒకావిడ, వీళ్ల ఆరు ఆల్బములలోంచి మేలైనవి ఏరి ఒక్కచోట చేర్చి ‘ఇప్పటిదాకా’ అనే పేరుతో పెద్ద రికార్డు వేస్తానంది. పంతొమ్మిది పాటలు ఎంచడానికి నాలుగు నెలలు పట్టింది. రెండుసార్లు బ్యాండు విడిపోయి మళ్లీ కలిసింది. అప్పుడావిడ అసలు సంగతి చెప్పింది.

“ఈ పంతొమ్మిదీ మీ అభిమానుల దగ్గర ఉన్నవేనండీ. మళ్లీ ఎందుకు కొంటారు? ఇరవయ్యోది ఎవరూ విననిది కావాలి.”

“మేడమ్, మావన్నీ దాదాపు అలాంటివే కదండీ” అన్నాడు బావ.

ఆవిడ నవ్వలేదు. వెతికే పని బావకు అప్పజెప్పారు. బాసు వాయించేవాడు పెట్టెలు జాగ్రత్తగా మోస్తాడని బ్యాండులో అందరి నమ్మకం.

అక్క నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఊరూరా తిరిగి నీళ్ల నమూనాలు పట్టుకొచ్చే డ్యూటీ మీద ఆ ఉదయమే పది రోజులకు బయల్దేరింది. బస్సు కిటికీలోంచి “ఆ పెట్టె దింపేటప్పుడు స్టూలు వెయ్యి, కుర్చీ ఎక్కకు” అని చెప్పింది. బావ కుర్చీ ఎక్కాడు. పెట్టె దిగింది. కుర్చీ కాలు విరిగింది. దాన్ని గోడవైపు తిప్పి నిలబెట్టి, పెట్టె విప్పాడు.

పైన పాత నాలుగు ట్రాకుల టేపు రికార్డరుంది. దాని పక్కన వేగం మార్చే చిన్న మీట ఒకటుంది గాని, దాని మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. కింద ముప్పై నలభై క్యాసెట్లు. అన్నిటికీ పేర్లున్నాయి, తేదీలున్నాయి. అడుగున ఒక్కదానికి మాత్రం ఏమీ లేదు. పేరున్నవాటిని వదిలి, పేరులేనిది చేతిలోకి తీసుకోవడం మనిషి స్వభావం. బావ దాన్ని పెట్టి బటన్ నొక్కాడు.

మొదట గాలి వీచినట్టు చప్పుడు. తర్వాత డ్రమ్ము. ఎంత నెమ్మదిగానంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య బావ ఒకసారి తుమ్మి, ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత బాసు వచ్చింది. ఇంటి పునాది కింద ఎవరో భుజం ఆనించి మెల్లగా లేపుతున్నట్టుంది. అలమరలో గ్లాసులు వణికాయి. దాని మీద ఒక మగగొంతు, లోతుగా, బరువుగా, మాటల్ని ఈడ్చుకుంటూ పాడింది.

‘ఆకుపచ్చ గొడుగు వదిలేసి వెళ్లావు... తలుపు తెరిచే ఉంది... నన్ను మరిచిపోకు...’ కొన్ని మాటలు ఆ ఈడుపులో నలిగి తెలియలేదు.

మధ్యలో పాట ఆగిపోయి ఎవరో గుండెలవిసేలా ఏడ్చారు. ఏడ్చి, మళ్లీ పాడారు.

బావ వరసగా నాలుగుసార్లు విన్నాడు. ఇది ఎప్పటిది? ఎవరు పాడారు? ఆ ఏడ్చింది ఎవరు? ఎందుకు? గొంతు బావమరిదిదే కావచ్చు, కాకపోనూ వచ్చు. టేపు మాత్రం తమ పెట్టెలోదే, గది తమ పాత రిహార్సల్ గదే. వెనక ఆ గది తలుపు కిర్రుమనడం కూడా గుర్తుపట్టాడు. ఒక్క విషయం మాత్రం మొదటి నిమిషంలోనే తేలిపోయింది. ఆ బాసు వాయించింది తను కాదు. తను వాయించినవన్నీ ఆయనకు గుర్తుండవు గాని, తను వాయించలేనివి మాత్రం బాగా తెలుసు.

పాటను కంప్యూటర్లోకి ఎక్కించి ముగ్గురికీ, మేడమ్‌కీ పంపాడు. కింద ‘ఇది ఎవరిది? ఎప్పటిది?’ అని రాశాడు. ఆ రెండు ప్రశ్నలకూ ఎవరైనా జవాబు చెప్పుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

షాపు షట్టరు సగం లేపాడో లేదో మేడమ్ ఫోను చేసింది. గొంతు బొంగురుపోయింది.

“ఏడ్చేశానండీ. ఇన్నాళ్లూ దీన్ని పెట్టెలో ఎలా దాచారు?”

“దాచలేదండీ, అసలు అది...”

“ఒక్క మాట చెప్పండి. ఆ బాసు మీరే కదా? పన్నెండేళ్లుగా రికార్డులేస్తున్నాను. అలాంటి బాసు నేను వినలేదు.”

షట్టరు అలాగే చేత్తో పట్టుకుని బావ నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్లలో ఆయన బాసు గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. రెండో ఆల్బము అట్ట మీద ఆయన పేరు తప్పుగా వేశారు, అయిదో దాని మీద అసలు వెయ్యలేదు. ‘కాదండీ’ అనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి “థాంక్సండీ” అని వచ్చింది.

మధ్యాహ్నానికి బావమరిది వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

“బావా, నాకిప్పుడు గుర్తొచ్చింది. అది నేనే. జ్వరంలో పాడాను. అందుకే గొంతు అలా దిగిపోయింది.”

“ఎప్పుడు?”

“జ్వరం వచ్చినప్పుడు.”

అరగంట తర్వాత లిఫ్టు ఫోను చేశాడు. ఒకసారి అయిదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య నాలుగు గంటలు ఇరుక్కుపోయానని, ఆ చీకట్లోనే ఆ వరస పుట్టిందని చెప్పాడు. సాయంత్రం డాక్టరొచ్చాడు. మాటలు తనే రాశాడట. ఏడ్చింది కూడా తనేనట.

“ఎందుకేడ్చావురా?” అన్నాడు బావ నిజంగానే తెలుసుకోవాలని.

డాక్టరు కిటికీలోంచి దూరంగా చూశాడు. “కొన్ని అడక్కూడదు బావా.”

ముగ్గురికీ ఇంత బాగా గుర్తుంటే మరి తనకెందుకు గుర్తులేదో బావకు అర్థంకాలేదు. మనిషి నిద్రలో నడుస్తాడు, నిద్రలో మాట్లాడతాడు. నిద్రలో బాసు వాయించిన వాళ్లుంటారా అని పక్క మందులషాపతన్ని అడిగాడు. అతను ఇంటికెళ్లి పడుకోమన్నాడు.

మంగళవారం మేడమ్ ఆ ఒక్క పాటనీ ముందుగా విడుదల చేసింది. పేరు ‘నన్ను మరిచిపోకు’. గురువారానికల్లా పచ్చి పెయింటు పాటలన్నీ కలిపి ఇరవై రెండేళ్లలో ఎంతమంది విన్నారో అంతకు పదింతలు దాన్నొక్కదాన్నే విన్నారు. సంగీతం గురించి రాసే ఒకాయన పత్రికలో సగం పేజీ రాశాడు. ఆ ఏడుపు ఒక మనిషిది కాదట, ఒక తరానిదట. మేడమ్ ‘ఇప్పటిదాకా’ అనే పేరు కొట్టేసి, పెద్ద రికార్డుకీ ఆ పాట పేరే పెట్టి, అట్ట మీద ఆకుపచ్చ గొడుగు బొమ్మ వేయించింది. ఆదివారం సాయంత్రం అయిదింటికి చిన్న హాల్లో జరగాల్సిన విడుదల సభ పెద్ద హాలుకు మారింది. ఆ పాటతోనే మొదలుపెట్టాలని షరతు పెట్టింది. ఆ రికార్డరును కూడా హాలు గుమ్మంలో అద్దాల పెట్టెలో పెట్టి జనానికి చూపిస్తానని పట్టుకుపోయింది.

గురువారం మధ్యాహ్నం రేడియోవాళ్లు నలుగురినీ పిలిచారు. అడిగే అమ్మాయి చాలా మర్యాదగా, చాలా ఆసక్తిగా అడిగింది. కొంప ముంచింది ఆ ఆసక్తే.

“అందరూ అడుగుతున్న ప్రశ్న. ఆ ఆకుపచ్చ గొడుగు అమ్మాయి ఎవరండీ?”

బావ ముందున్న గ్లాసెత్తి నీళ్లు తాగాడు. బావమరిది దగ్గాడు. లిఫ్టు చెప్పులకేసి చూసుకున్నాడు. డాక్టరు మైకు దగ్గరికి జరిగాడు.

“ఆమె పేరు చెప్పను. ఎక్కడుందో కూడా తెలియదు. కానీ ఇప్పటికీ వాన పడితే...” అని ఆపేశాడు.

“వాన పడితే?”

“పడుతుంది” అన్నాడు డాక్టరు.

డాక్టరు భార్య పోస్టాఫీసులో పనిచేస్తుంది. అక్కడ కౌంటరు మీద రేడియో ఉంటుంది. ఆ సాయంత్రం డాక్టరు ఇంటికి వెళ్లేసరికి ఆవిడ మామూలుగానే తలుపు తీసింది, మామూలుగానే మంచినీళ్లిచ్చింది. “ఎన్నేళ్లు నడిచింది?” అని మాత్రం అడిగింది.

“ఏది?”

“గొడుగు.”

అది ఉత్త కల్పన అన్నాడు. “మరి ఏడ్చానన్నావుగా?” అంది. ఏడ్చింది నిజమే గాని గొడుగు అబద్ధమన్నాడు. “గొడుగు లేనిదానికి ఎందుకేడ్చావు?” అంది. కేకల్లేవు, అలకల్లేవు. ప్రశ్న వెనక ప్రశ్న, అంతే. ఆ ప్రశ్నలకు తట్టుకోలేక డాక్టరు శుక్రవారం పొద్దున్నే కుక్కల బోనుల మధ్య కూర్చుని ఏ తప్పూ ఒప్పుకోని క్షమాపణ ఉత్తరం ఒకటి రాయడం మొదలుపెట్టాడు. శనివారానికి తొమ్మిది పేజీలైంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆదివారం నలుగురూ ఆ పాట వాయించాలి. ఆ సంగతి నలుగురికీ తెలుసు. తనకు రాదన్న సంగతి ఎవరికి వారికే తెలుసు. మిగతా ముగ్గురికీ వచ్చుననే ప్రతివాడి భయం.

బావ షాపు మూసుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, గిటారు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో స్వరం వెతుకుతూ కిందికి దిగాడు. దిగగా దిగగా తీగలు అయిపోయాయి గాని పాట అయిపోలేదు. పాటలో ఉన్న అడుగు స్వరాలు ఆయన గిటారులో అసలు లేవు. తీగను వదులు చేశాడు. ఇంకా వదులు చేశాడు. చివరికది బట్టలారేసుకునే తాడులా వేలాడింది. మీటితే చప్పుడు రాలేదు, గాలి వచ్చింది. బావకు దిగులుతో పాటు ఆశ్చర్యమూ పెరిగింది. అసలు ఆ గిటారు ఎక్కడిది? అలాంటి గిటారు తమలో ఎవరి దగ్గరా లేదు. ఆ చేతులు ఎవరివి? దొంగతనం చేసిన వాడికి ఆ ఇంటాయన్ని చూడాలనిపించినట్టు, ఆ మనిషినొక్కసారి చూడాలని బావకు మహా కోరికగా ఉంది.

అవతల బావమరిది తన ఇంట్లో అంత కిందికి గొంతు దిగక, జలుబు చేస్తే దిగుతుందేమోనని మూడు రోజులుగా ఐసునీళ్లతో స్నానం చేస్తున్నాడు. లిఫ్టు ఆ వరసను ఎటునుంచి పట్టుకోవాలో తెలియక వేళ్లకు కట్టు కట్టుకుని, దెబ్బ తగిలిందన్నాడు. డాక్టరేమో అంత నెమ్మదిగా డ్రమ్ము కొట్టబోయి రెండుసార్లు లెక్క తప్పి, మూడోసారి కునుకు తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నలుగురూ పెద్ద హాలు వేదిక మీద నిలబడ్డారు. కింద మొదటి వరసలో మేడమ్ ఒక్కతే కూర్చుంది. ఒళ్లో కొత్త రికార్డు అట్ట, కళ్లలో అప్పుడే తడి.

“ఏదీ, ఒక్కసారి వినిపించండి” అంది.

డాక్టరు ఒక దెబ్బ కొట్టాడు. రెండో దెబ్బ కోసం అందరూ ఎదురుచూశారు. బావ తీగ మీటాడు. అది ఊగింది. బావమరిది నోరు తెరిచాడు. మూడు రోజుల ఐసునీళ్ల ఫలితంగా గొంతు కిందికి దిగడం కాదు, పూర్తిగా దిగిపోయి కనబడకుండా పోయింది. ఒక ఈల లాంటిది మాత్రం బయటికొచ్చింది. లిఫ్టు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు.

“మైకుల్లో ఏదో తేడా ఉందా?” అంది మేడమ్ ఆశగా.

“కొంచెం ఉన్నట్టుందండీ” అన్నాడు బావ.

“పంతొమ్మిది పాటలు వాయిస్తాం మేడమ్, ఇది మాత్రం...” అన్నాడు లిఫ్టు.

“ఇది విందామనే కదండీ జనం వస్తోంది! బయట అప్పుడే లైను కట్టారు!”

అప్పుడు హాలు వెనక తలుపు తెరుచుకుంది. అక్క లోపలికొచ్చింది. భుజానికి నీళ్ల నమూనాల సంచీ, చేతిలో సూట్‌కేసు. ఆవిడ వెనక డాక్టరు భార్య. ఆ వెనక యూనిఫారం మీదే లిఫ్టు వాళ్లక్క. ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. అద్దాల పెట్టెలో ఉండాల్సిన టేపు రికార్డరు ఆవిడ చంకలో ఉంది.

భార్యను చూసి డాక్టరు తొమ్మిది పేజీలూ జేబులోంచి తీశాడు.

“తర్వాత చదువుకుందాంలే, కూర్చో” అందావిడ.

“ఎప్పుడొచ్చావు?” అన్నాడు బావ అక్కతో.

“నిన్న ఫోనొచ్చింది. పాట వినిపించింది” అంటూ అక్క డాక్టరు భార్యను చూపించింది. “రాత్రి బస్సుకే బయల్దేరాను. ఏం, కుర్చీ విరిగిందా?”

“ఎలా తెలుసు?”

“పెట్టె దింపావుగా.”

అక్క రికార్డరును వేదిక అంచున పెట్టి, స్పీకరు వైరు తగిలించింది. అందులో టేపు అలాగే ఉంది. వెనక్కి తిప్పి, పాట పెట్టింది. హాలంతా ఆ బరువైన గొంతు నిండింది. మేడమ్ రుమాలు తీసింది. అక్క వేలు చాపి పక్కనున్న చిన్న మీటను పైకి నెట్టింది.

గొంతు ఒక్క గెంతు గెంతింది. ఏనుగు నడక కాస్తా లేడి పరుగైంది. హుషారుగా, చిలిపిగా, ముగ్గురు ఆడవాళ్లు ఒకే గొంతుగా అందుకున్నారు.

‘ఆకుపచ్చ గొడుగు వదిలేసి వెళ్లావు,
తలుపు తెరిచే ఉంది, ఫ్యాను తిరుగుతోంది,
టీకని పోయినోడా, మూడు గంటలైంది,
వచ్చేదారిలోన బన్ను మరిచిపోకు!’

తర్వాత ఆ ఏడుపు వచ్చింది. ఏడుపు కాదది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకావిడకు పొలమారింది కూడా.

మేడమ్ రుమాలు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

“బన్నా?” అంది చివరికి.

“బన్నేనండీ” అంది అక్క. “వీళ్లు రిహార్సలని పిలిచి, టీ తాగొస్తామని వెళ్లేవాళ్లు. వెళ్లి ఏ పాట ముందు, ఏ పాట వెనక అని అక్కడే కొట్లాడుకునేవాళ్లు. మూడేసి గంటలు. బయటేమో వాన. గదిలో మేం ముగ్గురం, వీళ్ల సామాను. ఏం చేస్తాం? రికార్డు బటన్ నొక్కాం. ఏ వేగం మీద పెట్టామో ఎవరు చూశారు?”

“మాటలు నేను రాశా” అంది డాక్టరు భార్య. “ఆ ఆకుపచ్చ గొడుగు ఈయనదే. ఇరవై రెండేళ్లుగా ఈయన వాన పడినప్పుడల్లా ఎవరి కోసం ఏడుస్తున్నాడో తెలుసుకుందామనే నాలుగు రోజులు ఆగాను.”

డాక్టరు తొమ్మిది పేజీలూ మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. “నీకు ముందే తెలుసా?”

“నేను రాసింది నాకు తెలీదా? రేడియోలో వినగానే తెలిసింది. కానీ నువ్వు అంత బాగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు.”

“వరస నాది” అంది లిఫ్టు వాళ్లక్క. తమ్ముడి వంక చూసింది. “ఏరా, లిఫ్టులో ఇరుక్కుపోయావా?”

లిఫ్టు చేతికున్న కట్టును విప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు విప్పాడు.

బావ వీళ్లెవరి మాటలూ వినడం లేదు. పాట ఇంకా నడుస్తోంది. మామూలు వేగంలో ఆ బాసు పొంగుతున్న నీళ్లలా పరిగెడుతోంది. ప్రతి స్వరం తేలిగ్గా, సరిగ్గా పడాల్సిన చోట పడుతోంది. ఇప్పుడా స్వరాలన్నీ తన గిటారులో ఉన్నవే. తన గిటారే అది. ఎనిమిది రోజులుగా వెతుకుతున్న మనిషి ఈ హాల్లోనే ఉంది.

“బాసు ఎవరు?” అన్నాడు, జవాబు తెలిసే.

“నేనే” అంది అక్క.

“నువ్వు ఎప్పుడు నేర్చుకున్నావు?”

“నేర్చుకోలేదు. నువ్వు వాయిస్తుంటే చూసేదాన్ని. ఎక్కడ తప్పుతున్నావో తెలిసేది.”

“మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదుగా.” ఆవిడే మళ్లీ అంది, “దారిలో పత్రికలో చదివాను, నా బాసు బాగుందని మేడమ్ అంటే నువ్వు థాంక్స్ చెప్పావటగా.”

బావ మొహం మాడిపోయింది. అక్క మొహంలో కోపం కనిపిస్తే బాగుండునని వెతికాడు. కోపం లేదు. చిన్నబుచ్చుకోవడం ఉంది. ఇన్నేళ్ల కాపురంలో అది కోపం కన్నా చెడ్డదని బావకు తెలుసు.

మేడమ్ గడియారం చూసుకుంది. అచ్చయిన అట్టలు చూసుకుంది. బయట లైను చూసొచ్చింది. ఆవిడ మంచి వ్యాపారస్తురాలో కాదో గాని గట్టి గుండె గలది.

“అమ్మా, మీ ముగ్గురూ ఇది మళ్లీ వాయించగలరా? ఇప్పుడు?”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డాక్టరు భార్య వెళ్లి డ్రమ్ముల వెనక కూర్చుని, కర్రలు చేతిలో తిప్పింది. లిఫ్టు వాళ్లక్క టోపీ తీసి తమ్ముడి నెత్తిన పెట్టి, గిటారు లాక్కుంది. అక్క మాత్రం కదల్లేదు.

“వాయిస్తానండీ. కానీ ముందు వీళ్లు జనానికి నిజం చెప్పాలి.”

“జనం రాళ్లేస్తారక్కా!” అన్నాడు బావమరిది గుసగుసగా. అంతకుమించి గొంతు లేదతనికి.

“వెయ్యనీ. అందుకే పెద్ద హాలు తీసుకున్నారు, తప్పుకోడానికి చోటుంటుంది.”

అయిదింటికి హాలు నిండిపోయింది. మైకు దగ్గరికి ఎవరు వెళ్లాలన్న దాని మీద తెర వెనక నలుగురికీ కాసేపు తోపులాట జరిగింది. బావమరిదికి గొంతు లేదు. డాక్టరును రేడియో తర్వాత ఎవరూ మైకు దగ్గరికి పంపే స్థితిలో లేరు. లిఫ్టు టోపీ కళ్ల మీదికి దించుకున్నాడు. చివరికి బావే వెళ్లాడు. ఇరవై రెండేళ్లలో ఆయన వేదిక మీద మాట్లాడటం అదే మొదలు.

“నన్ను మీరెవరూ గుర్తుపట్టరు. బాసు వాయించేవాణ్ని” అన్నాడు. “మీరు ఏ పాట కోసం వచ్చారో ఆ పాటలో మేం లేం. ఒక్కళ్లం కూడా లేం. అది పాడినవాళ్లు మా ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లని అడగడం మాకు తోచలేదు. ఆ బాసు బాగుందని ఒకావిడ నాతో అంటే, నాది కాదని చెప్పలేకపోయాను. ఎందుకంటే అంతకుముందెవరూ అలా అనలేదు. అది నా భార్య వాయించింది. ఆవిడతోనూ ఇన్నాళ్లూ ఆ మాట ఎవరూ అనలేదు. నేనంటున్నాను. చాలా బాగుంది. ఇంకోటి, అది నన్ను కాదు, బన్ను.”

జనానికి చివరి మాట అర్థంకాలేదు. ముగ్గురు ఆడవాళ్లు మొదలుపెట్టిన పది క్షణాల్లో అర్థమైంది. మొదట ఒక మూల నవ్వు పుట్టింది. అది వరసలు దాటుకుంటూ వెనక గోడ దాకా వెళ్లి తిరిగొచ్చింది. రెండు నిమిషాలకు పాట అయిపోయింది. మళ్లీ అన్నారు. మళ్లీ వాయించారు. మూడోసారి హాలంతా గొంతు కలిపింది. సగం పేజీ రాసిన పత్రికాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఈ నవ్వు ఒక మనిషిది కాదు, ఒక తరానిదని పక్కావిడతో చెబుతున్నాడు.

ఆ తర్వాత పచ్చి పెయింటు తన పంతొమ్మిది పాటలూ వాయించింది. బావమరిది గొంతు లేక పెదవులు కదిపాడు. పాటలు తెలిసిన వందమందీ కింద నుంచి పాడి సాయం చేశారు. ఆ వందమంది మొదట్నుంచీ వినేవాళ్లే. వాళ్లు కొనడానికి మాత్రం ఏ ఇరవయ్యో పాటా అక్కర్లేదని మేడమ్‌కు ఆ పూట తెలిసింది. అట్టలన్నీ మళ్లీ అచ్చేయించి, పెద్ద రికార్డుకు ‘ఇప్పటిదాకా’ అనే పాత పేరే పెట్టింది. ఆడవాళ్ల పాటను అందులోంచి తీసేసి విడిగా చిన్న రికార్డు వేసింది. ఒకవైపు మామూలు వేగం, రెండోవైపు సగం వేగం. నవ్వాలనుకున్నవాళ్లు ఒకవైపు, ఏడవాలనుకున్నవాళ్లు రెండోవైపు పెట్టుకుంటున్నారు.

నెల తిరిగాక ఒక ఉదయం బావ గిటారు తుడిచి, పక్కనే కొత్త కుర్చీ వేసి, గొంతు సవరించుకుని, తనకు బాసు నేర్పమని భార్యను అడిగాడు. ఆదివారాలైతే తీరిగ్గా ఉంటుందన్నాడు.

ఆదివారాలు కుదరదని, తమ ముగ్గురికీ రిహార్సలుందని అక్క చెప్పింది.